ఆటగాళ్ళను అదుపులో పెట్టడం ఎలా: ఒడిశా సరిహద్దు ఊళ్ళలో కొత్తగా విజిల్ పట్టిన రిఫరీలకు

పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, రాయగడ చుట్టుపక్కల కోతలయ్యాక ఫుట్‌బాల్ పోటీలు మొదలైతే ఆదివారాలు ఖాళీ ఉండవు. జట్లకు కొదవలేదు, చూసే జనానికి కొదవలేదు, కొరతంతా రిఫరీలకే. అందుకని ఒకప్పుడు బాగా ఆడిన కుర్రాడికో, స్కూల్లో పీఈటీ మాస్టారికో విజిల్ చేతికిచ్చి "ఈ మ్యాచ్ నువ్వే చూసెయ్" అంటారు కమిటీ వాళ్ళు. అలా మొదలుపెట్టినవాళ్ళు ముందు ఆఫ్‌సైడ్ గురించి కంగారుపడతారు. నిజానికి ఆఫ్‌సైడ్ తప్పుగా ఇస్తే జనం ఆ సాయంత్రం తిట్టుకుని ఊరుకుంటారు. ఆట కొట్లాటైతే మాత్రం రెండూళ్ళ మధ్య మాటలు పోతాయి, మరుసటి ఏడు ఆ పోటీయే ఉండదు.

ఒకే తప్పుకి రెండు జట్లకీ ఒకే జవాబు వస్తుందని మైదానంలో ఉన్న ఇరవై ఇద్దరూ నమ్మితే సగం గొడవలు అసలు పుట్టవు. ఇక్కడ రాస్తున్నదంతా ఆ నమ్మకాన్ని ఎలా సంపాదించాలనే దాని గురించే. మన ప్రాంతంలో అది ఇంకాస్త కష్టం, ఎందుకంటే ఒక జట్టు తెలుగు, ఒక జట్టు ఒడియా, కొండ మీంచి దిగిన జట్టు సవర మాట్లాడుతుంది, పాతపట్నం నుంచో పార్వతీపురం నుంచో వచ్చిన జట్టుకి వాళ్ళ లెక్క వాళ్ళకుంటుంది. రిఫరీ ఏ భాషలో నోరు తెరిచినా "వీడు అటువైపోడు" అనుకునేవాళ్ళు నలుగురైనా ఉంటారు.

మొదట పన్నెండో నిబంధన

ఫుట్‌బాల్ నిబంధనలు మొత్తం 17. వాటిలో పన్నెండోది ఫౌళ్ళు, దుష్ప్రవర్తన గురించి. మిగతావి చదువుతూ ఉండొచ్చు గానీ ఇది మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగేలా ఉండాలి, ఎందుకంటే మైదానంలో ఆలోచించే టైం దొరకదు, మీరు ఆలోచిస్తున్నారని ఆటగాళ్ళకి తెలిసిపోతే ఆ క్షణం నుంచే వాదన మొదలవుతుంది. నిబంధనల పుస్తకం అంతర్జాతీయ నిబంధనల మండలి ఐఎఫ్ఎబి వెబ్‌సైట్లోనూ, వాళ్ళ యాప్‌లోనూ ఉచితంగా దొరుకుతుంది. ఏటా కొన్ని మార్పులు వస్తాయి కాబట్టి పాత పీడీఎఫ్ పట్టుకుని కూర్చోకండి.

ఒంటికి ఒళ్ళు తగిలే ఫౌళ్ళకి మూడు మెట్లు ఉన్నాయి. మొదటిది అజాగ్రత్త: బంతి కోసమే వెళ్ళాడు, అంచనా తప్పింది, కాలు తగిలింది. దీనికి ఫ్రీ కిక్ చాలు, కార్డు అక్కర్లేదు. రెండోది తెగింపు: ఎదుటివాడికి దెబ్బ తగులుతుందేమో అన్న ఆలోచనే లేకుండా దూకాడు. దీనికి ఎల్లో కార్డు. మూడోది మితిమీరిన బలం: అవసరానికి మించి బలం వాడి అవతలివాడి ఒంటికే ప్రమాదం తెచ్చాడు. దీనికి రెడ్ కార్డు, అతను బయటికి వెళ్ళాల్సిందే. బంతి తగిలిందా లేదా అన్నది ఇక్కడ తేల్చే ప్రశ్న కాదు. "సార్, ముందు బంతికే తగిలింది సార్" అన్న మాట ప్రతి మ్యాచ్‌లోనూ వింటారు. ముందు బంతికి తగిలి ఆ వెంటనే షూ అడుగున ఉండే స్టడ్స్ మోకాలి మీదికి వెళ్తే అది రెడ్డే.

ఈ మూడింటినీ విడదీయడానికి నేను చూసేవి ఇవి: ఎంత దూరం నుంచి వచ్చాడు, ఎంత వేగంగా వచ్చాడు, ఒంటికాలా రెండు కాళ్ళా, పాదం నేల మీద ఉందా గాల్లోకి లేచిందా, బంతి అందే అవకాశం అసలు ఉందా, తగిలింది పాదానికా చీలమండకా మోకాలికా. అయిపోయిన మ్యాచ్‌ల వీడియోలు ఫోన్లో చూస్తూ ప్రతి టాకిల్ దగ్గరా ఆపి ఈ ప్రశ్నలు వేసుకుంటే కొన్ని వారాల్లో కన్ను దానంతటదే పట్టేస్తుంది.

ఎల్లో కార్డు ఇవ్వాల్సిన మిగతా సందర్భాలు: నిర్ణయాన్ని మాటతోనో చేతలతోనో ధిక్కరించడం, ఆట మళ్ళీ మొదలవకుండా ఆలస్యం చేయడం, ఫ్రీ కిక్ దగ్గర 9.15 మీటర్ల దూరం, త్రో దగ్గర 2 మీటర్ల దూరం పాటించకపోవడం, అనుమతి లేకుండా లోపలికి రావడం లేదా కావాలని బయటికి పోవడం, పదేపదే ఫౌళ్ళు చేయడం, ఆటకి తగని ప్రవర్తన. గోల్ కొట్టి చొక్కా విప్పినా ఎల్లోనే, ఆ గోల్ తర్వాత చెల్లదని తేలినా సరే. పదేపదే అంటే ఎన్నిసార్లు అన్న అంకె పుస్తకంలో లేదు, దాన్ని మీరే తేల్చాలి. ఒక్క ఆటగాణ్ణి పదిహేను నిమిషాల్లో మూడుసార్లు చిన్న చిన్నగా తన్నితే అది చాలు. ఆరోసారి దాకా ఆగితే తన్నులు తిన్నవాడు తిరగబడతాడు.

రెడ్ కార్డుకి: ప్రమాదకరమైన ఫౌల్, హింసాత్మక ప్రవర్తన (బంతి కోసం పోటీ పడని సమయంలో కొట్టడం, కొట్టబోవడం), ఉమ్మేయడం, కొరకడం, అవమానకరమైన బూతుమాటలో సైగలో, ఖాయమనిపించే గోల్ అవకాశాన్ని ఫౌల్‌తోనో చేత్తోనో పాడుచేయడం, రెండో ఎల్లో. గోల్ అవకాశం ఖాయమా కాదా అని తేల్చేటప్పుడు నాలుగు చూడాలి: గోల్‌కి దూరం, ఆట వెళ్తున్న దిశ, బంతి అతని అదుపులో ఉంటుందా, మిగిలిన డిఫెండర్లు ఎక్కడ ఎంతమంది ఉన్నారు. పెనాల్టీ బాక్స్ లోపల అయితే ఇంకో తేడా ఉంది. బంతి కోసం నిజంగా ప్రయత్నించి ఫౌల్ చేస్తే పెనాల్టీ, ఎల్లో. చొక్కా పట్టుకు లాగినా, తోసినా, పట్టుకున్నా పెనాల్టీ, రెడ్. ఇది కోచ్‌లలో చాలామందికి తెలియదు. అడిగితే ఒక్క వాక్యంలో చెప్పండి, క్లాసు పీకకండి.

ఆటకి ముందు గంట

ఈ గంటలో చేసే పని మైదానంలో సగం తలనొప్పి తగ్గిస్తుంది, కాబట్టి విజిల్ వేసే టైంకి బైక్ దిగే అలవాటు ఉంటే మానుకోండి.

కమిటీ వాళ్ళని కూర్చోబెట్టి పోటీ నిబంధనలు కాగితం మీద రాయించండి. హాఫ్‌కి ఎన్ని నిమిషాలు, సబ్‌స్టిట్యూట్లు ఎంతమంది, రెడ్ పడ్డవాడు ఎన్ని మ్యాచ్‌లు ఆడకూడదు, రెండు మ్యాచ్‌ల్లో రెండు ఎల్లోలు పడితే ఏమిటి, డ్రా అయితే ఎక్స్‌ట్రా టైమా నేరుగా పెనాల్టీలా. "అప్పుడు చూద్దాంలెండి" అని వదిలేసిన ప్రతి విషయమూ సరిగ్గా ఫైనల్లో, స్కోరు సమానంగా ఉన్నప్పుడు మీ ముందుకొస్తుంది. ఇంకో సంగతి: పిల్లల, వెటరన్ల, ఊరి స్థాయి పోటీల్లో ఎల్లో పడినవాణ్ణి కొంతసేపు బయట కూర్చోబెట్టే పద్ధతిని నిబంధనలే అనుమతిస్తున్నాయి. మొత్తం ఆట సమయంలో 10 నుంచి 15 శాతం, అంటే 60 నిమిషాల ఆటలో 6 నుంచి 9 నిమిషాలు. పోటీ మొదలవకముందే నిర్వాహకులు ఒప్పుకుని అన్ని జట్లకీ చెప్పి ఉండాలి. నోటి దురుసు ఎక్కువగా ఉండే కుర్రాళ్ళ పోటీల్లో ఇది చక్కగా పనిచేస్తుంది, వాడి జట్టే పదిమందితో ఆడుతూ వాడి మీద విసుక్కుంటుంది.

మైదానం చుట్టూ నడవండి. సున్నం గీత మీదే జనం నిలబడతారు, అది మనకి అలవాటే, కానీ గీతకి రెండు మూడు మీటర్ల అవతల తాడు కట్టించమని అడగండి. జనం గీతకి దూరంగా ఉంటే లైన్స్‌మన్‌కి కనిపిస్తుంది, కింద పడ్డ ఆటగాణ్ణి చూసి ప్రేక్షకుడు లోపలికి అడుగేసే అవకాశం తగ్గుతుంది. మైక్ పట్టుకునేవాణ్ణి విడిగా కలిసి రిఫరీ నిర్ణయాల మీద మాట్లాడొద్దని చెప్పండి. "అయ్యో, అది పెనాల్టీ ఇవ్వాల్సింది కదా" అని స్పీకర్లో ఒక్క మాట వినపడితే తర్వాతి పది నిమిషాలు మీవి కావు.

కాళ్ళు చూడండి. షూ లేకుండా ఆడే కుర్రాళ్ళు కొండ ఊళ్ళ జట్లలో ఇప్పటికీ కనిపిస్తారు. నిబంధన ప్రకారం పాదరక్షలు, షిన్‌గార్డులు తప్పనిసరి. ఊరి పోటీల్లో అన్నిసార్లూ అది జరగదని మనకి తెలుసు, అందుకే దాన్ని కమిటీతో ముందే తేల్చుకోండి. స్టడ్స్ వేసుకున్న జట్టు, ఉత్త కాళ్ళ జట్టు ఎదురెదురు పడితే మామూలు టాకిల్ కూడా గాయమవుతుంది, గాయమైతే పగ పుడుతుంది. నన్నడిగితే ఇద్దరూ షూతో ఆడాలి, లేదంటే ఇద్దరూ స్టడ్స్ లేని కాన్వాస్ షూతో ఆడాలి.

తర్వాత ఇద్దరు కెప్టెన్లని, ఇద్దరు కోచ్‌లని ఒకేచోటికి పిలిచి మాట్లాడండి. విడివిడిగా వద్దు, ఒకరితో విడిగా మాట్లాడితే రెండోవాళ్ళు దూరం నుంచి చూస్తూనే ఉంటారు. చెప్పాల్సింది మూడే ముక్కలు: నాతో మాట్లాడాల్సి వస్తే కెప్టెనే రావాలి, బూతు ఏ భాషలో వచ్చినా నాకు బూతే, దెబ్బ తగిలితే నేనే ఆట ఆపుతాను కాబట్టి ఎవరూ పరిగెత్తుకు రాకండి.

ఏ భాషలో మాట్లాడాలి

బరంపురం వైపైనా జయపురం వైపైనా ఇదే సమస్య. తెలుగు జట్టుతో తెలుగులో నవ్వుతూ మాట్లాడి, ఒడియా జట్టుతో పొడిపొడిగా "నో, ఫౌల్" అంటే మీరు ఎంత న్యాయంగా ఉన్నా ఎవరూ నమ్మరు. నేను పాటించేది ఇది. రెండు జట్లకీ అర్థమయ్యే భాష ఏదో ముందే తెలుసుకుని మ్యాచ్ మొత్తం హెచ్చరికలు అదే భాషలో ఇవ్వడం. పర్లాకిమిడి పక్కన చాలామందికి తెలుగూ ఒడియా రెండూ వచ్చు కాబట్టి పెద్ద ఇబ్బంది ఉండదు. అలా కుదరని చోట ప్రతి హెచ్చరికా రెండు భాషల్లోనూ చెప్పాలి, అది ఎవరికి చెప్తున్నా సరే. వెనక్కి జరుగు, ఆగు, చాలు, ఇదే ఆఖరిసారి, మీ కెప్టెన్ ఎవరు, దెబ్బ తగిలిందా: ఈ ఆరు మాటలు ఒడియాలోనూ, సవర జట్లు వచ్చే చోట సవరలోనూ, రాయగడ వైపైతే కువిలోనూ నేర్చుకుని ఉంచుకోండి. ఆ భాషల్లో బూతులు కూడా తెలిసుండాలి. మీకు అర్థం కాదన్న ధీమాతోనే చాలామంది తిడతారు. ఒక్కసారి కార్డు పడితే ఆ ధీమా పోతుంది.

వరసలు పెట్టి పిలవడం మానండి. మనకి అందరూ బావ, తమ్ముడు, అన్న. మామూలుగా అది అభిమానం, మైదానంలో మాత్రం ఎదుటి జట్టు చెవిలో అది చుట్టరికం. "బావా, కాస్త చూసుకో" అన్నారంటే అయిపోయింది. నంబరుతో పిలవండి, కెప్టెన్‌ని కెప్టెన్ అనే పిలవండి. అందర్నీ, పదహారేళ్ళవాడైనా సరే, "మీరు" అనండి. వాళ్ళు మిమ్మల్ని "ఏటండీ రిఫరీ గారూ, అది ఫౌలా?" అని నిలదీసినా మీ నోట్లోంచి "నువ్వు" రాకూడదు.

కార్డుల కథే భాష దగ్గర మొదలైంది. 1966 ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్లో ఇంగ్లండ్ మీద ఆడుతున్న అర్జెంటీనా కెప్టెన్ రట్టీన్‌ని జర్మన్ రిఫరీ క్రైట్‌లైన్ బయటికి పంపించాడు. ఒకరి భాష ఒకరికి రాదు, రట్టీన్ దుబాసీ కావాలని అడుగుతూ చాలాసేపు కదల్లేదు. ఆ గందరగోళం చూశాకే రిఫరీల వ్యవహారాలు చూసే కెన్ ఆస్టన్‌కి ట్రాఫిక్ లైట్ల రంగులు తట్టాయి. 1970 మెక్సికో ప్రపంచ కప్‌లో కార్డులు వచ్చాయి. మూడు భాషలున్న మన మైదానాల్లో కార్డు విలువ మరీ ఎక్కువ, దాన్ని చూస్తే ఎవరికీ అనువాదం అక్కర్లేదు.

మొదటి పది నిమిషాలు

ఈ పది నిమిషాల్లో రెండు జట్లూ మిమ్మల్ని కొలుస్తాయి. చొక్కా ఎంతవరకు లాగొచ్చు, ఎంత అరవొచ్చు, ఫ్రీ కిక్ దగ్గర ఎన్ని అడుగులు ముందుకు జరగొచ్చు అని. కాబట్టి మొదట్లో చిన్న ఫౌళ్ళు కూడా వదలకండి, బంతికి దగ్గరగా పరిగెత్తండి, ఫౌల్ జరిగిన చోటికి పది పదిహేను మీటర్ల లోపు ఉండండి. దగ్గర్నుంచి ఇచ్చిన తప్పు నిర్ణయాన్నైనా ఒప్పుకుంటారు గానీ నలభై మీటర్ల దూరం నుంచి ఇచ్చిన సరైన నిర్ణయాన్ని ఒప్పుకోరు. ఫిట్‌నెస్ లేకుండా క్రమశిక్షణ ఉండదు, ఈ రెంటికీ సంబంధం లేదనుకునేవాళ్ళు మన దగ్గర చాలామంది ఉన్నారు, అందుకే గట్టిగా చెప్తున్నాను.

విజిల్‌తో మాట్లాడటం నేర్చుకోండి. మామూలు ఫౌల్‌కి పొట్టిగా ఒక్కటి, దురుసు ఫౌల్‌కి పొడుగ్గా గట్టిగా. అన్నిటికీ ఒకే ఊదు ఊదితే మీకు కోపం వచ్చిందో లేదో ఎవరికీ తెలియదు. లోపల గోళీ లేని ఫాక్స్ 40 లాంటి విజిల్ కొనుక్కోండి, డప్పుల మధ్య కూడా వినపడుతుంది.

మాట నుంచి కార్డు దాకా

జేబులోంచి కార్డు తీయడానికి ముందు మీ చేతిలో ఇంకా కొన్ని మెట్లున్నాయి. ఆట సాగుతుండగానే పక్కనుంచి పరిగెత్తుతూ "ఎనిమిదీ, చేతులు దించండి" అనడం మొదటిది. ఆట ఆగినప్పుడు నడుచుకుంటూ వెళ్ళి ఎవరికీ వినపడకుండా ఒక్క మాట చెప్పడం రెండోది. మూడోది బహిరంగంగా: ఆట ఆపి, ఆటగాణ్ణి దగ్గరికి పిలిచి, కెప్టెన్‌ని కూడా రమ్మని, అందరికీ కనపడేలా "ఇంకొక్కటి చేస్తే కార్డే" అనడం. ఇది ఆ ఒక్కడికే కాదు, ఎదుటి జట్టుకీ, బెంచీకీ, జనానికీ, "నేను చూశాను" అని చెప్పడం. ఆ తర్వాత ఎల్లో, రెడ్.

ప్రతిదానికీ ఈ మెట్లన్నీ ఎక్కాలని లేదు. మూడో నిమిషంలోనే ఎవడైనా తెగింపుతో కాళ్ళ మీదికి దూకితే మూడో నిమిషంలోనే ఎల్లో. "ఇంకా ఆట మొదట్లోనే కదా" అని వదిలేస్తే దెబ్బ తిన్న జట్టు దాన్ని గుర్తుపెట్టుకుంటుంది, మీరు అరవయ్యో నిమిషంలో ఇవ్వబోయే ప్రతి కార్డుకీ దాన్ని చూపించి అడుగుతుంది. మరోపక్క, మాటతో పోయేదానికి కార్డు తీస్తే ఇంకో చిక్కు: ఇరవయ్యో నిమిషానికి నలుగురికి ఎల్లోలు పడతాయి, తర్వాత చిన్న తప్పుకైనా రెండో ఎల్లో చూపించాలి, లేదా చూడనట్టు ఉండాలి. రెండూ మిమ్మల్ని దెబ్బతీసేవే.

మీరు ఆటగాడికి చెప్పే మాట ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. ఇలా ఉంటే చాలు:

"నాలుగు నంబర్, ఇటు రండి. ఆయన్ని వెనక నుంచి తన్నడం ఇది మూడోసారి."

"నేనేం చెయ్యలేదు సార్, వాడే పడిపోయాడు."

"మూడోసారి. ఇక ఆడండి."

అంతే, వెనక్కి తిరిగి వచ్చేయండి. అక్కడే నిలబడితే అతను ఇంకో మాట అంటాడు, మీరు ఇంకో మాట అనాల్సి వస్తుంది. వేలు చూపించొద్దు, భుజం మీద చెయ్యి వెయ్యొద్దు, ప్రేమగా కూడా వెయ్యొద్దు.

గొడవ వచ్చే ముందు

దీని మీద కాస్త ఎక్కువ రాస్తున్నాను, ఎందుకంటే మంచి రిఫరీకీ మామూలు రిఫరీకీ తేడా ఇక్కడే కనిపిస్తుంది. గొడవ ఒక్కసారిగా రాదు. ఉడికే అన్నంలా ముందు చిన్న చిన్న బుడగలు వస్తాయి. ఫౌల్ తిన్నవాడు లేచి మిమ్మల్ని చూడకుండా తన్నినవాడి నంబరు చూస్తాడు. కింద పడ్డవాడు లేవడానికి ఎదుటివాడు చెయ్యి అందిస్తే విసిరేస్తాడు. ఒక స్టాపరూ ఒక ఫార్వర్డూ బంతి లేకపోయినా పక్కపక్కనే నడుస్తుంటారు. ఒక ఆటగాడు బంతిని వదిలి మీరు ఎక్కడున్నారో చూస్తాడు, అంటే మీరు చూడనప్పుడు ఏదో చేయబోతున్నాడు. బెంచీలో కూర్చున్నవాళ్ళు లేచి నిలబడతారు. ఇలాంటివి రెండు మూడు కలిసి కనిపిస్తే వచ్చే ఐదు నిమిషాలు ప్రతి చిన్న తాకిడికీ విజిల్ ఊదండి, ఆటని ముక్కలు చేయండి. ఆట అందం తగ్గుతుంది, తగ్గనివ్వండి.

కొన్ని సమయాలు మరీ చూసుకోవాలి. గోల్ పడిన వెంటనే, ముఖ్యంగా నెట్‌లోంచి బంతి లాక్కునే తోపులాటలో. పెనాల్టీ అడిగితే మీరు ఇవ్వని మరుక్షణం. రెండు మూడు గోల్స్ తేడాతో ఓడిపోతున్న జట్టుకి చివరి పావుగంట. కార్నర్ దగ్గర బంతి తన్నకముందు జరిగే పట్టుకోవడాలు, నెట్టుకోవడాలు. అక్కడైతే బంతి ఆటలోకి రాకముందే ఆపి ఇద్దర్నీ పిలిచి చెప్పండి, వచ్చాక జరిగితే ఫౌల్ ఇవ్వండి.

తిరుగుదెబ్బ ఎక్కువగా రిఫరీ వదిలేసిన మొదటి దెబ్బకి వస్తుంది. మీరు పట్టుకునేది మాత్రం ఎప్పుడూ రెండోవాణ్ణే, ఎందుకంటే మొదటిది జరిగినప్పుడు మీ కళ్ళు బంతి వెంట ఉంటాయి. అందుకే బంతి దూరంగా వెళ్ళాక కూడా ఫౌల్ జరిగిన చోటు మీద ఒక రెండు సెకన్లు చూపు ఉంచండి. అడ్వాంటేజ్ ఇచ్చినప్పుడు, అంటే ఫౌల్ అయినా దెబ్బ తిన్న జట్టుకే లాభమని ఆట సాగనిచ్చినప్పుడు, ఇది మరీ ముఖ్యం. అడ్వాంటేజ్ ఇచ్చారు కదా అని తెగింపు ఫౌల్ కార్డు పోదు, బంతి ఆగగానే ఇవ్వాలి. రెడ్ ఇవ్వాల్సిన ఫౌల్ అయితే గోల్ కొట్టే స్పష్టమైన అవకాశం ఉంటే తప్ప అడ్వాంటేజ్ జోలికే పోవద్దు, ఆపేయండి.

కార్డు చూపించే తీరు

ఎల్లో, రెడ్ వేరు వేరు జేబుల్లో పెట్టుకోండి, కంగారులో తప్పు కార్డు తీస్తే దాన్ని సరిదిద్దడం చాలా కష్టం. ఆటగాణ్ణి మిగతావాళ్ళ నుంచి విడదీయండి, నాలుగడుగులు పక్కకి రమ్మనండి. రెండు మీటర్ల దూరంలో నిలబడి, ఎందుకో ఒక్క వాక్యం చెప్పి, చెయ్యి నిటారుగా పైకెత్తండి. మొహంలోకి పెట్టినట్టు చూపిస్తే అది అవమానంగా తీసుకుంటారు, నిజంగా అవమానమే. నంబరు, నిమిషం, కారణం పుస్తకంలో రాయండి. మామూలప్పుడు ముందు రాసి తర్వాత చూపించొచ్చు, వేడెక్కిన మ్యాచ్‌లో ముందు చూపించి తర్వాత రాయండి, ఎదుటి జట్టు ఎదురుచూస్తోంది కాబట్టి. రెండో ఎల్లో అయితే ముందు ఎల్లో, ఆ వెంటనే రెడ్. రెడ్ పడ్డవాడు బెంచీలో కూర్చోకూడదు, మైదానం పరిసరాలు వదిలి వెళ్ళాలి. అతను వెళ్ళేదాకా ఆట మొదలుపెట్టకండి. ఒక జట్టులో ఏడుగురి కంటే తక్కువమంది మిగిలితే ఆట సాగదు, ఇదీ గుర్తుండాలి.

మైదానంలోకి అడుగుపెట్టిన దగ్గర్నుంచి, హాఫ్ టైం, పెనాల్టీలతో సహా, మ్యాచ్ అయ్యాక మీరు బయటికి వెళ్ళేదాకా కార్డు చూపించే అధికారం మీకుంది. మ్యాచ్‌లో పడ్డ ఎల్లో పెనాల్టీ షూటౌట్‌లోకి రాదు, అక్కడ ఇంకో ఎల్లో పడినా అది రెండో ఎల్లో కింద లెక్క కాదు. నాకౌట్ పోటీల్లో ఈ సంగతి తెలియక పెద్ద గోలలే జరుగుతాయి.

చుట్టుముట్టినప్పుడు, బెంచీ అరిచినప్పుడు

నిర్ణయం చెప్పగానే ఐదుగురు మీ మీదికి వస్తే వెనక్కి నడవకండి, పక్కకి నడవండి, కెప్టెన్ కోసం చెయ్యి చూపించండి. మిగతావాళ్ళు ఆగకపోతే ముందు వచ్చినవాడికో, అందరికంటే ఎక్కువ చేతులు ఊపినవాడికో ఒక్క ఎల్లో చూపించండి, మిగతావాళ్ళు కరిగిపోతారు. కెప్టెన్ ఒక్కడే రిఫరీతో మాట్లాడే పద్ధతి 2024 యూరో కప్‌లో కనిపించింది, ఇప్పుడది నిబంధనల పుస్తకంలో మార్గదర్శకంగానూ ఉంది. ఆ కప్పు టీవీలో చూసిన కుర్రాళ్ళకి దాన్నే గుర్తుచేయండి. నిరాశతో "అబ్బా!" అనడానికీ, జనం వైపు తిరిగి చేతులు చాచి మిమ్మల్ని చూపిస్తూ చప్పట్లు కొట్టడానికీ తేడా ఉంది. మొదటిది వినపడనట్టు ఉండొచ్చు, రెండోది మైదానం మొత్తాన్ని మీ మీదికి ఉసిగొల్పడమే కాబట్టి వెంటనే కార్డు. ఆట సాగుతుండగా నోటి తప్పు కోసం ఆట ఆపితే మళ్ళీ మొదలుపెట్టేది ఇన్‌డైరెక్ట్ ఫ్రీ కిక్‌తో, అంటే నేరుగా గోల్ కొట్టడానికి వీల్లేని కిక్‌తో.

కోచ్‌లకీ మేనేజర్లకీ కూడా కార్డులు చూపించొచ్చు, 2019 నుంచి నిబంధనల్లో ఉంది. బెంచీలోంచి బూతు వచ్చి ఎవరన్నారో తెలియకపోతే అక్కడున్న ముఖ్య కోచ్‌కే ఆ శిక్ష. ఈ సంగతి ఆటకి ముందే చెప్తే కోచ్ తన బెంచీని తనే చూసుకుంటాడు. కోచ్ ఊరి పెద్దమనిషి అయినప్పుడు కొత్త రిఫరీలకి చెయ్యి లేవదు. అలాంటప్పుడు గీత దగ్గరికి నడుచుకుంటూ వెళ్ళి, "మీరు పెద్దవారు, మీ మాట కుర్రాళ్ళు వింటారు, వాళ్ళకి మీరే చెప్పాలి" అని ఒక్కసారి అనండి. రెండోసారి మాత్రం కార్డే, పెద్దమనిషైనా సరే.

జనం తాడు దాటి లోపలికి వస్తే ఆట ఆపేయండి, బంతి పట్టుకుని మైదానం మధ్యలో లైన్స్‌మన్‌లతో కలిసి నిలబడండి, కమిటీ వాళ్ళు అందర్నీ వెనక్కి పంపేదాకా మొదలుపెట్టకండి. ఆట ఆపడానికి, కొంతసేపు వాయిదా వేయడానికి, రద్దు చేయడానికి మీకు అధికారం ఉంది. ఎవరైనా మీ మీద చెయ్యి చేసుకుంటే ఇంక ఆలోచించొద్దు, మ్యాచ్ రద్దు, మీరు క్షేమంగా బయటపడటమే పని. ట్రోఫీ, మేకపోతు, నగదు బహుమతి ఏమైనా కానీ, వాటి కోసం దెబ్బలు తినక్కర్లేదు.

కొట్లాట మొదలైతే

విజిల్ గట్టిగా, వరసగా ఊదండి. మొదటి రెండు సెకన్లలో ఇద్దరి మధ్యకి వెళ్ళగలిగితే వెళ్ళండి, ఆలస్యమై గుంపు చేరిందంటే మధ్యలోకి దూరకండి. నాలుగడుగులు వెనక్కి వేసి అందరూ కనపడే చోట నిలబడండి, లైన్స్‌మన్‌లు మిగతా రెండు వైపుల నుంచి చూడాలి. మొదలుపెట్టినవాడెవడు, మొదటి తిరుగుదెబ్బ ఎవడిది, దూరం నుంచి పరిగెత్తుకొచ్చి చెయ్యి వేసిన మూడోవాడెవడు: ఈ ముగ్గురి నంబర్లు చాలు. ఆ పరిగెత్తుకొచ్చినవాణ్ణి వదలొద్దు, ఇద్దరి గొడవని ఇరవైమంది గొడవ చేసేది వాడే. చల్లారాక లైన్స్‌మన్‌లతో నిదానంగా మాట్లాడండి, జట్లని వాళ్ళ వాళ్ళ సగాల్లోకి పంపండి, కెప్టెన్లని పిలిచి ఏం చేయబోతున్నారో ముందు చెప్పి తర్వాత కార్డులు చూపించండి. రెండు వైపులా సమానంగా ఇవ్వాలని లెక్క సరిచేయొద్దు. ఒకవైపు ఇద్దరు, ఇంకోవైపు ఒక్కడు కొట్టి ఉంటే అలాగే ఇవ్వాలి. మళ్ళీ మొదలుపెట్టేది మాత్రం మొదట జరిగిన తప్పుని బట్టే.

మ్యాచ్ అయ్యాక

కమిటీ టేబుల్ దగ్గర నిర్ణయాల గురించి చర్చ పెట్టుకోకండి, ఫోన్లో తీసిన వీడియో మొహం ముందు పెట్టినా సరే. రెడ్ కార్డులు, గొడవలు ఉంటే ఆ రాత్రే రిపోర్టు రాయండి. ఎన్నో నిమిషం, స్కోరెంత, ఎవరు ఎక్కడ నిలబడ్డారు, బంతి ఎక్కడుంది, మీరు ఎంత దూరంలో ఉన్నారు, ఏం జరిగింది. తిట్టు అయితే ఏ భాషలో అన్నాడో ఆ మాటలే, ఉన్నవున్నట్టు రాయండి. "చాలా అసభ్యంగా మాట్లాడాడు" అని రాస్తే కమిటీలో ఎవరైనా దాన్ని తేలిగ్గా కొట్టిపారేస్తారు. మీ అభిప్రాయం, ఎన్ని మ్యాచ్‌లు ఆపాలన్న సలహా రాయక్కర్లేదు, అది వాళ్ళ పని. ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.

ఇదంతా ఊరి పోటీలతో ఆగిపోకూడదనుకుంటే జిల్లా సంఘం ద్వారా రిఫరీ పరీక్షకి కూర్చోండి. ఇటువైపువాళ్ళకి ఒడిశా ఫుట్‌బాల్ సంఘం, పాతపట్నం, పార్వతీపురం వైపువాళ్ళకి ఆంధ్రప్రదేశ్ ఫుట్‌బాల్ సంఘం, రెండూ అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య కిందివే. నిబంధనల మీద రాతపరీక్ష, పరుగు పరీక్ష ఉంటాయి.

మీరు రెడ్ చూపించిన కుర్రాడు శిక్ష అయ్యాక మళ్ళీ మీ మ్యాచ్‌లోకే వస్తాడు, మన జిల్లాల్లో జట్లు అవే, మనుషులు అవే. అతనితో పాత సంగతి ఎత్తకండి, మిగతావాళ్ళకి ఇచ్చినట్టే కరచాలనం ఇవ్వండి, అతని మొదటి ఫౌల్‌ని మిగతావాళ్ళ మొదటి ఫౌల్ లాగే చూడండి. పెద్ద గొడవ జరిగిన ఆ రెండు జట్లకే వెంటనే ఇంకో మ్యాచ్ పడితే మాత్రం దానికి వేరే రిఫరీని పెట్టమని కమిటీకి మీరే ముందుగా చెప్పండి, మీరు లైన్ మీద జెండా పట్టుకోండి.